నక్కతోక పూసింది

పాడేరు,
జూన్ 22.

బుజ్జీ,

నీ ఉత్తరం మొన్న సంత రోజున అందింది. కూరగాయల సంచి కూడా దింపకుండా, తడి గొడుగు అరుగు మీద పడేసి నిలబడే చదివేశాను. ఫోన్లో ఎంత మాట్లాడుకున్నా, కాగితం మీద నీ గుండ్రటి అక్షరాలు చూస్తేనే నాకు మన హాస్టల్ గది కళ్ళ ముందుకొస్తుంది. ఫోటో పెట్టావని చివరిదాకా తెలియలేదు. కవరు దులిపితే ఒళ్ళో పడింది. పసుపుపచ్చటి చెప్పు లాంటి పువ్వు, దాని చుట్టూ మెలితిరిగిన కాఫీరంగు రేకులు. లేడీస్ స్లిప్పర్! పుస్తకంలో బొమ్మ చూసి మనం పరీక్ష రాసిన మొక్కని నువ్వు కళ్ళారా చూసొచ్చావు. ఎంత కుళ్ళుకున్నానో నీ దగ్గర దాచను.

లాంకషైర్‌లో గెయిట్ బారోస్ అనే చోట, సున్నపురాయి పరుచుకున్న నేలలో చూశానన్నావు. వచ్చినవాళ్ళు గుళ్ళో ఉన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారనీ, నీ మనవరాలు వేలు చాపితే పక్కనున్న పెద్దావిడ గబుక్కున ఆ చిన్న చెయ్యి పట్టుకుందనీ రాశావు. చివర్లో అడిగావు కదా, “ఒక్క పువ్వు కోసం ఇంతా? మనం మన్యంలో సంచుల్లో కుక్కుకొచ్చాం, మనల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరిది సరైన పద్ధతే?” అని. రెండు రోజులుగా వంట చేస్తున్నా, పేపర్లు దిద్దుతున్నా అదే మాట. ఈ ఉత్తరం పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఆ పువ్వు కథ అక్కడివాళ్ళు నీకు కొంత చెప్పే ఉంటారు. నాకు తెలిసినదీ దానికి కలుపుకో. ఒకప్పుడు ఉత్తర ఇంగ్లండ్ కొండల్లో ఆ మొక్క చాలాచోట్ల ఉండేది. పూలు కోసి అమ్మారు, పెరట్లో పెట్టుకోవడానికి దుంపలతో సహా తవ్వుకుపోయారు, మనలాంటి చదువుకున్నవాళ్ళు ఎండబెట్టి అట్టలకు అంటించుకున్నారు. 1917 నాటికి ఇక ఆ దేశంలో లేదని తేల్చేశారు. 1930లో యార్క్‌షైర్ లోయల్లో ఒక మొక్క బయటపడింది. ఒక్కటే ఒక్కటి. చూసినవాళ్ళు నోరు విప్పలేదు. ఏళ్ళ తరబడి ఆ చోటు కొద్దిమందికే తెలుసు, తర్వాత తర్వాత పూసే రోజుల్లో దగ్గరే మనిషిని కాపలా పెట్టారు. కాపలా వల్ల మొక్క బతికింది గానీ దానికి బిడ్డ పుట్టలేదు. చుట్టుపక్కల జోడీ లేదు. ఆ చెప్పులాంటి గిన్నెలో పడి, వెనక సందులోంచి పాకి బయటపడుతూ పుప్పొడి మోసుకెళ్ళాల్సిన చిన్న తేనెటీగలు వచ్చినా, ఆ పుప్పొడి చేరాల్సిన రెండో పువ్వు లేదు. 1970లో చివరికి మనుషులే పూనుకుని పుప్పొడి తీసి పువ్వుకి అద్దడం మొదలుపెట్టారు. 1983లో లండన్ పక్కన క్యూ ఉద్యానంలో ఆ గింజల్ని సీసాల్లో మొలకెత్తించే పని మొదలైంది. 1989లో తొలి మొక్కలు బయట నాటారు. వాటిలో మొదటి పువ్వు విచ్చింది 2000లో. పదకొండేళ్ళు, బుజ్జీ! పుట్టిన పిల్లాడు బడికెళ్ళి ఆరో తరగతికి వచ్చేంత కాలం.

అంటే నీ మనవరాలి చెయ్యి పట్టుకుని ఆపిన చెయ్యి ఒకటుంది, పుల్ల పట్టుకుని పుప్పొడి అద్దిన చెయ్యి ఇంకొకటుంది. మొదటి చెయ్యి అందరికీ కనిపిస్తుంది. నాకు రెండో చెయ్యి గురించి చెప్పాలనుంది. ఎందుకంటే కొన్నేళ్ళుగా ఆ పని నేనూ చేస్తున్నాను, నీకు ఇప్పటిదాకా చెప్పలేదు.

దానికి ముందు మన సంగతి. ఎమ్మెస్సీ రెండో ఏడు, వేసవి సెలవుల ముందు ఫీల్డ్ టూర్. గెడ్డ పక్కన ఆ పెద్ద మామిడిచెట్టు గుర్తుందా? మన బ్యాచ్‌లో చెట్టెక్కడం వచ్చింది నీ ఒక్కదానికే. కొమ్మ మీంచి గుత్తి వేలాడుతోంది, మూరెడు పొడుగు, తెల్లటి పూల మీద వంగపండు రంగు చుక్కలు, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ వందకి పైగా. రింకోస్టైలిస్ రెట్యూసా. ఆ పేరు నోరు తిరక్క నువ్వు నక్కతోక అన్నావు. “నక్క తోక తొక్కొచ్చామే ఇవాళ” అని పైనుంచి అరిచావు. ఆ చెట్టు మీద ఆరు మొక్కలున్నాయి. ఆరూ తెచ్చేశాం. నాలుగు హెర్బేరియం అట్టలకు, ఒకటి డిపార్ట్‌మెంట్ తోటకు, ఒకటి మన కిటికీకి. కిటికీలోది నెల తిరక్కుండానే ఎండిపోయింది.

నువ్వు పైనుంచి పీకుతుంటే నేను కింద చున్నీ పట్టుకుని నిలబడ్డాను. బెరడు నుంచి వేళ్ళు ఊడేటప్పుడు వచ్చిన చప్పుడు, పాత చీర చింపుతున్నప్పటి చప్పుడు, ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ వేళ్ళ పైన తెల్లటి దూదిలాంటి తొడుగు ఉంటుంది చూడు, వాన నీళ్ళని, మంచుని పట్టి తాగేది అదే. బలవంతంగా లాగితే ఆ తొడుగు బెరడుకే ఉండిపోయి లోపలి నారపోగు మాత్రం చేతికొస్తుంది. చున్నీలో పడ్డవన్నీ అలాగే ఉన్నాయి, ఎముకలు తేలిన వేళ్ళలాగా. అప్పుడు నాకు తెలియలేదు అంటే అబద్ధం. చూశాను, కానీ మార్కులు కావాలి.

మనం పొద్దస్తమానం తిరగేసిన ‘ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ రాసిన జోసెఫ్ హుకర్ కూడా ఇదే పని చేశాడు, ఇంకా పెద్ద ఎత్తున. 1850లో ఖాసీ కొండల్లో నీలి వాండా కనిపిస్తే క్యూ తోట కోసం ఏడుగురు మనుషులు మోసేంత మొక్కలు తీయించాడు. ఇంగ్లండ్‌కి ప్రాణంతో చేరినవి చాలా తక్కువ. దొంగతనంగా కాదు, ఆ పువ్వంటే ఆయనకి పిచ్చి ప్రేమ. నన్ను భయపెట్టేది అదే. ఆ చెట్టు కింద నీకూ నాకూ ఉన్నది కూడా ప్రేమే కదా.

మన వైపు ప్రేమ తక్కువేమో అనుకునేదాన్ని. ఇక్కడ ఉద్యోగానికి వచ్చిన కొత్తలో మా ఎదురింటి తాతగారు నిచ్చెన వేసుకుని మామిడిచెట్టు కొమ్మలు కత్తితో గీకుతున్నారు. ఏంటి తాతగారూ అంటే, “బదనికమ్మా, చెట్టు పీల్చేస్తోంది, కాపు తగ్గిపోయింది” అన్నారు. కింద కుప్పలో రెండు రకాలున్నాయి. ఒకటి నిజంగానే బదనిక, మామిడి కొమ్మలోకి వేళ్ళు దింపి రసం పీల్చే లొరాంథస్. దాన్ని తీసెయ్యాల్సిందే. దాంతోపాటు వాండాలు, నక్కతోకలు, దుంపల్లాంటి కాడల ఆర్కిడ్లు కూడా అదే కుప్పలో. అవి చెట్టు దగ్గర ఒక్క చుక్క కూడా తీసుకోవు. బెరడు మీద కూర్చుని గాలిలో తేమ తాగి బతుకుతాయి. మనకి వాటికి వేరే పేరు లేదు. చెట్టు మీద ఏది మొలిచినా బదనికే. వాండా అన్న శాస్త్రీయ నామం కూడా సంస్కృతంలో అలాంటి అర్థమిచ్చే మాటే. ఒక్క పేరు కింద దొంగనీ దొరనీ కలిపి కట్టేసి, ఏటా ఎన్ని చెట్ల మీద ఎన్ని మొక్కలు గీకేశామో. ఆ రోజు తాతగారికి రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఒకదాన్ని విరిస్తే కొమ్మ కండ కూడా ఊడొచ్చింది, రెండోదాని వేళ్ళు బెరడు పైపైనే ఉన్నాయి. ఆయన చాలాసేపు చూసి, “మరి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేటమ్మా” అన్నారు. కత్తి దింపేశారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ చెట్టు మీద ఆర్కిడ్ జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

ఆర్కిడ్ కోసం మన పక్క ఎవరైనా ఏదైనా చేయాలంటే అక్కడ మొదలుపెట్టాలని నాకు అప్పుడే అనిపించింది. బోర్డు పెట్టే ముందు పేరు పెట్టాలి. ఇప్పుడు మా కాలేజీ పిల్లలు దాన్ని నక్కతోక అనే అంటారు. నువ్వు పెట్టిన పేరే. సంతలో కూడా ఒకరిద్దరు అనగా విన్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. విశాఖ సంగతి నువ్వు టీవీలో చూసే ఉంటావు. కొండల మీద ఏం జరిగిందో ఎవరూ పెద్దగా చూపించలేదు. కాఫీ తోటల్లో నీడనిచ్చే చెట్లు ఒకదాని మీద ఒకటి పడి, పొద్దున్నే చూస్తే ఎప్పుడూ కనిపించని ఆకాశం కనిపించింది. నాలుగో రోజు రోడ్డు తెరిచాక మా పిల్లలతో నడిచాను. కూలిన పనస, మామిడి కొమ్మల మీద ఆర్కిడ్లు పచ్చగా ఉన్నాయి. చెట్టు చచ్చిపోయిందని వాటికి ఇంకా తెలియదు. కట్టెల కోసం కొమ్మలు నరుకుతున్నారు, ఎవరికోపం వాళ్ళది, ఇళ్ళే ఎగిరిపోయిన మనుషులు. ఒక కుర్రాడు నరికిన ముక్కని రెండు చేతులతో ఎత్తి, “మేడం, ఇది బతికే ఉంది” అన్నాడు. అందరం కలిసి రెండు వారాల్లో నూట నలభై మొక్కలు ఏరాం. బెరడుతో సహా కోసి, ఇంట్లో ఉన్న పాత నూలు చీరలు పేలికలుగా చింపి, నిలబడి ఉన్న చెట్లకి కట్టాం. తడి పోకుండా కొబ్బరిపీచు పెట్టాం. చీర ముక్క రెండేళ్ళలో కుళ్ళి రాలిపోతుంది, ఈలోపు వేరు బెరడు పట్టుకుంటుంది. తీగో ప్లాస్టిక్ తాడో అయితే కాండంలోకి కోసుకుపోతుంది. నీ పెళ్ళికి పెట్టిన ఆ మావిడాకు రంగు చీర కూడా అలాగే పోయింది, నువ్వు ఏమనుకున్నా సరే.

సగానికి కొంచెం ఎక్కువే బతికాయి. మా పెరటి మామిడి మీద కట్టిన తొమ్మిది నక్కతోకల్లో ఏడు నిలబడ్డాయి. మూడో ఏడు పూశాయి. వీధి వీధంతా చూడటానికి వచ్చింది. పూత అయిపోయింది, గుత్తులు ఎండి రాలిపోయాయి. ఒక్క కాయ లేదు. మరుసటేడూ అంతే. వాడిన పువ్వులు తీసి లెన్సు పెట్టి చూశాను. టోపీ కింద పుప్పొడి ముద్దలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఎవరూ రాలేదు. చీమలు, ఈగలు తిరుగుతున్నాయి గానీ వాటి వల్ల కాదు. అడవిలో ఆ పువ్వుని ఎరిగిన తేనెటీగ మా వీధి దాకా రావడం లేదు. మొక్కని కాపాడి తెచ్చి, అది గొడ్రాలిలా పూసి వాడిపోవడం చూస్తున్నాను అనిపించింది.

అప్పుడు చేతిలోకి చీపురుపుల్ల తీసుకున్నాను.

నీకు ఇది చూపించాలని ఎంత ఉందో. పొద్దున ఎనిమిదింటికి, మంచు ఆరాక చెయ్యాలి. గుత్తిలో మధ్య వరస పువ్వు ఒకటి ఎంచుకుంటాను, విచ్చి మూడు నాలుగు రోజులైనది. ఎడమచేతి రెండు వేళ్ళతో పువ్వుని వెనకనుంచి పట్టుకుంటే నడిమి స్తంభం ముందుకొస్తుంది. దాని కొసన బియ్యపునూకంత టోపీ. చెక్కి సన్నం చేసిన పుల్ల కొసతో టోపీని కిందనుంచి పైకి నెమ్మదిగా అంటే చాలు, టోపీ ఎగిరిపోతుంది, పుల్లకి రెండు పసుపు గుండ్లు అతుక్కుని వస్తాయి. ఆవగింజ కన్నా చిన్నవి, గట్టివి, తళతళలాడతాయి. ఒక సన్నటి కాడ, దాని అడుగున జిగురు బిళ్ళ. మన మందారం పుప్పొడిలా రాలదు, మొత్తం ఒకే మూటగా వస్తుంది. ఒక్క పురుగు ఒక్కసారి సరిగ్గా వస్తే చాలు, రాకపోతే మొత్తం వృథా. డార్విన్ ఇంగ్లండ్ ఆర్కిడ్‌లోకి పెన్సిల్ మొన గుచ్చి తీసి చూశాడని చదువుకున్నాం కదా, 1862లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. పెన్సిల్‌కి అంటుకున్న పుప్పొడి మూట అర నిమిషంలో తనంతట తాను ముందుకి వంగుతుంది, రెండో పువ్వులో సరిగ్గా తగలాల్సిన చోటే తగిలేటట్టు. పరీక్షలో రాశాం. చేతిలో పుల్ల పట్టుకుని నిలబడ్డాక గానీ ఆ మాటకి అర్థం తెలియలేదు నాకు.

ఆ మూటని ఇంకో మొక్క పువ్వు దగ్గరికి తీసుకెళ్తాను. టోపీకి కొంచెం కింద, పాకం పూసినట్టు మెరిసే చిన్న గుంట. అందులో తాకిస్తే అదే లాక్కుంటుంది. పుల్ల వెనక్కి తీస్తే గుండ్లు అక్కడే ఉండిపోతాయి. అంతే పని. ఆ సాయంత్రానికే పువ్వు ముఖం వాడుతుంది, రెండు మూడు రోజుల్లో రేకులు ముడుచుకుంటాయి. పక్క పువ్వులు ఇంకా కళకళలాడుతూనే ఉంటాయి. మనం పూకాడ అనుకునేది నిజానికి అండాశయం కదా, వారం తిరిగేసరికి అది పచ్చగా, గీతలు గీతలుగా ఉబ్బడం మొదలవుతుంది. మొదటిసారి దాన్ని వేలితో తడిమినప్పుడు నా కడుపులో మా వాడు మొదటిసారి కదిలిన రోజు గుర్తొచ్చింది. నవ్వకు.

తప్పు కూడా అప్పుడే చేశాను. ఆశకొద్దీ ఒకే గుత్తిలో పదకొండు పువ్వులకి పుప్పొడి పెట్టాను. పదకొండూ నిలిచాయి, గొప్పగా చూసుకున్నాను. చలికాలం దాటేసరికి ఆకులు ముడతలు పడ్డాయి, రెండు ఆకులు రాలిపోయాయి. కాయ పండటానికి నెలలు పడుతుంది, అన్నాళ్ళూ ఆ మొక్క వాటిని మోయాలి. వానలు మొదలయ్యే ముందు కాయలు పగిలాయి, మొక్క మాత్రం తర్వాత రెండేళ్ళు పూయలేదు. తల్లి ఒంట్లో ఎంతుందో చూడకుండా బిడ్డల్ని లెక్కపెట్టుకున్నాను. ఇప్పుడు మొక్కకి రెండు కాయలు, అదీ ఏడాది విడిచి ఏడాది. పుప్పొడి ఎప్పుడూ వేరే మొక్కది, అదీ ఒకే కొండ మీదనుంచి వచ్చినదై ఉండాలి. ఎక్కడినుంచి ఏరామో చీటీ కట్టి ఉంచడం అందుకు పనికొచ్చింది. నర్సరీలో కొన్న రంగురంగుల వాండాలు కూడా నా దగ్గరున్నాయి. వాటి దగ్గర వాడిన పుల్ల వీటి దగ్గరికి రానివ్వను. ఎవరో సరదాకి కలిపిన రక్తం అడవిలోకి పోతే మళ్ళీ వెనక్కి తీయలేం.

మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఒకడు, మంచి చదువరి, “అడవి చేసుకునే పనిలో మీ చెయ్యి దేనికి మేడం? తేనెటీగ ఎందుకు రావట్లేదో చూడాలి గాని” అన్నాడు. మాట నిజం. అందుకే అడవిలో నిలబడి ఉన్న మొక్కని నేను ముట్టుకోను. అక్కడ నా పుల్లకి పని లేదు, పురుగుల మందు కొట్టని పొలం, నరకని పాత చెట్టు ఉంటే చాలు. కానీ మనం విరిచి, మనం మోసుకొచ్చి, మనం కట్టిన మొక్క దగ్గర “ప్రకృతే చూసుకుంటుందిలే” అని చేతులు కట్టుకోవడం నాకు చేతకాదు.

ఈ పని చేసేటప్పుడల్లా ఒక కుర్రాడు గుర్తొస్తాడు. ఎడ్మండ్ ఆల్బియస్ అని, రీయూనియన్ దీవిలో బానిస. వెనిల్లా తీగ మెక్సికో నుంచి వచ్చి అక్కడ పూసేది గానీ కాసేది కాదు. 1841లో పన్నెండేళ్ళ ఆ పిల్లవాడు చిన్న పుల్లతో, బొటనవేలితో ఆ పువ్వుకి పుప్పొడి అద్దడం ఎలాగో చేసి చూపించాడు. దాని మీద దొరల తోటలు కోట్లకి ఎదిగాయి. అతనికి 1848లో బానిసత్వం రద్దయితే స్వేచ్ఛ వచ్చింది, డబ్బు రాలేదు. 1880లో పేదవాడిగానే పోయాడు. ఇవాళ్టికీ వెనిల్లా తోటల్లో ఒక్కో పువ్వుకీ ఆ పిల్లవాడి పద్ధతిలోనే చేత్తో అద్దుతారు. నీ మనవరాలికి ఐస్‌క్రీం కొనిపెట్టినప్పుడు ఈ కథ చెప్పు.

మన కాయ పగిలినప్పుడు నువ్వు ఉండాల్సింది. లోపల గింజలు కావు, పౌడరు. నల్ల కాగితం పట్టి ఊదితే లేత పసుపు పొగలా లేచింది. ఒక్క కాయలో లక్షల్లో ఉంటాయి. ఒక్కదానికీ చద్దిమూట ఉండదు. కందిగింజకి, వడ్లగింజకి తల్లి పెట్టి పంపే పప్పు ఉంటుంది కదా, వీటికి అది లేదు. బెరడు సందులో పడ్డచోట సరైన బూజు ఉండాలి, ఆ బూజు పోగులు గింజలోకి దూరి తిండి పెట్టాలి. ఆ సంగతి ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్డ్ 1899లో కనిపెట్టాడు. బూజు లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించడం 1922లో అమెరికాలో నుడ్సన్ నేర్పాడు. నీ ఇంగ్లండ్ పువ్వుకి ఇంకో చిక్కు వచ్చింది. పండిన గింజ మొండికేసింది, పచ్చికాయ కోసి లేత గింజ వేస్తేనే సీసాలో మొలిచింది. కాయని అంత పదునుగా పట్టుకోవాలంటే ఏ రోజు పుప్పొడి పెట్టామో తెలియాలి. చేత్తో అద్దడం అందుకు కూడా కావలసొచ్చింది.

ఇప్పుడు కోయడం గురించి. మా కోడలు కరీంనగర్ పిల్ల అని నీకు తెలుసుగా. బతుకమ్మకి పుట్టింటికెళ్తే నన్నూ లాక్కుపోయింది ఒకసారి. తెల్లవారకుండానే తంగేడు, గునుగు గంపలకొద్దీ కోసుకొచ్చారు. నాకు కొంచెం కూడా బాధ అనిపించలేదు. గునుగు ఏడాది మొక్క, చేను గట్టు నిండా గింజ రాల్చి మళ్ళీ వానకి మొలుస్తుంది. తంగేడు కొమ్మ విరిస్తే పక్కనుంచి రెండు చిగుళ్ళు వేస్తుంది. కోసేవాళ్ళ చెయ్యి ఎంత వేగమో మొక్క కూడా అంత వేగం. నక్కతోకకి ఆ వేగం లేదు. గింజ మొక్కై పూయడానికి ఏళ్ళు పడుతుంది. అయినా అస్సాంలో రొంగాలి బిహూకి ఆడపిల్లలు జడలో పెట్టుకునేది ఈ పువ్వే తెలుసా? కొపౌ ఫూల్ అంటారు. వాళ్ళ రాష్ట్ర పుష్పం కూడా. ఆ పండగ లేకపోతే ఆ పువ్వు అక్కడ ఇంతమంది గుండెల్లో ఉండేది కాదు. ఇప్పుడు చాలామంది గుడ్డపూలు పెట్టుకుంటున్నారు, కొందరు ఇంటి చెట్లకి ఆ మొక్క కట్టుకుంటున్నారు. నన్ను అడిగితే ఇంటి చెట్టు మీది గుత్తిలో కొంత ఒక పిల్ల జడకి ఇవ్వడం తప్పనను. గుత్తి పోతే ఆ ఏటి కాయ పోతుంది, మొక్క ఉంటుంది. వేరు పీకితే మొక్కే పోతుంది. ఈ తేడా చెప్పకుండా “ముట్టుకోకు” అని ఒక్క మాటతో సరిపెడితే, ముట్టుకోని పిల్ల పెద్దయ్యాక దాన్ని పట్టించుకోదు కూడా.

ఘాట్ రోడ్డు మీద సెలవు రోజుల్లో వెళ్తే కడుపు తరుక్కుపోతుంది. పిల్లలు వేళ్ళతో పీకిన ఆర్కిడ్ కట్టలు పట్టుకుని నిలబడతారు. కార్లు ఆగుతాయి. ఒకావిడని అడిగాను, ఎలా పెంచుతారమ్మా అని. కుండీలో ఎర్రమట్టి, పేడ వేసి పెడతానంది. గాలి తాగే వేరుని మట్టిలో పాతితే పది రోజుల్లో కుళ్ళుతుంది. ఆవిడ తప్పు కాదు, ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లాడి తప్పు అంతకన్నా కాదు, ఆ యాభై రూపాయలు ఇంటికి కావాలి. అలాంటివాళ్ళలో ఇద్దరు ఇప్పుడు మాతో పాటు కూలిన కొమ్మలు ఏరి కడుతున్నారు. వచ్చిన వాళ్ళకి దారి చూపించి, పూలు చూపించి అంతకన్నా ఎక్కువే తెచ్చుకుంటున్నారు. ఎక్కువ మందికి ఇలా పని చూపించలేకపోయానన్న దిగులు ఉంది.

చట్టం లేదా అంటావు. ఉంది. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో 1991లో మొక్కల్ని కూడా చేర్చారు. అప్పుడు ఆరు పద్దులు. నీలి వాండా, ఎర్ర వాండా, స్లిప్పర్ ఆర్కిడ్లు, వాటితో పాటు మన శేషాచలం కొండల సైకస్ కూడా. దేశం దాటించాలంటే ఏ ఆర్కిడ్‌కైనా అంతర్జాతీయ ఒప్పందం అడ్డుంది. మన దక్షిణాదికి ఉన్న ఒక్క స్లిప్పర్ ఆర్కిడ్, అగస్త్యమలలోని డ్రూరీ మొక్క, 1865లో దొరికి, చాలాకాలం జాడ లేకుండా పోయి, 1970ల్లో మళ్ళీ కనిపిస్తే సేకరించేవాళ్ళు దాని వెంట పడ్డారు. పాలోడులోని ఉద్యానంలో ల్యాబులో పెంచి కొండ మీద తిరిగి నాటాల్సి వచ్చింది. చట్టం వద్దనను. కానీ మన నక్కతోక ఆ ఆరింటిలో లేదు. ఉన్నా, మొక్క పీకినవాడిని పట్టుకోగలదు గానీ, రోడ్డు వెడల్పుకి అనుమతితో కొట్టిన నూరేళ్ళ మామిడితో పాటు పోయిన రెండువందల మొక్కల్ని లెక్కే పెట్టదు. నాకు ఎక్కువ కోపం అక్కడ.

నీ ప్రశ్నకి వస్తాను. ఆ యార్క్‌షైర్ వాళ్ళు చోటు దాచకపోతే ఆ ఒక్కటీ మిగిలేది కాదు, నాకు అందులో సందేహం లేదు. నేనూ మా పెద్ద మొక్కల ఫోటోలు ఎక్కడా పెట్టను. పెట్టినా ఊరు పేరు రాయను. కానీ ఇక్కడ ఏ చెట్టు మీద ఏముందో పశువుల కాపరి పిల్లలకి నాకన్నా బాగా తెలుసు. వాళ్ళ దగ్గర దాచేది ఏముంది? వాళ్ళ చేతికి పుల్ల ఇస్తాను. పోయినేడు ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె మొదటి పువ్వుకి పుప్పొడి పెట్టి, కాయ నిలిచిందాకా రోజూ బడి అయ్యాక వచ్చి చూసి వెళ్ళింది. ఒక సాయంత్రం ఎవరో కొమ్మ మీద చెయ్యి వేస్తే, నీ లాంకషైర్ పెద్దావిడలాగే గబుక్కున వెళ్ళి పట్టుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఏడు రెండు కాయలు పగిలాయి. పొడి కాగితంలో మడిచి పెట్టాను, కొంత మా చెట్టు బెరడు మీదే, పాత మొక్కల వేళ్ళ పక్కన చల్లాను. బూజు అక్కడే ఉంటుందని ఆశ. మిగిలింది మనం ఆరూ పీకేసిన ఆ మామిడిచెట్టుకి తీసుకెళ్దామని ఉంది. అయితే ముందు ఆ కొండ, మా మొక్కలు వచ్చిన కొండ ఒకటేనో కాదో తేల్చుకోవాలి. కాకపోతే తీసుకెళ్ళను. ఆ చెట్టు ఇంకా ఉందో లేదో కూడా చూడాలి. గెడ్డ గుర్తుంది, ఏ గెడ్డో గుర్తు లేదు. మూడుసార్లు తిరిగి వచ్చాను.

ఆ టూర్‌లో రాసే పని నీది. నీలం అట్ట నోటుబుక్కు, ప్రతి మొక్కకీ ఊరు, ఎత్తు, ఏ చెట్టు, ఎటువైపు కొమ్మ అని రాసేదానివి. పెళ్ళయ్యాక పెట్టెలో అదీ అక్కడికే వెళ్ళిందని ఒకసారి అన్నావు. అటక మీద వెతుకు. నక్కతోక ఉన్న పేజీ ఫోటో తీసి పంపు చాలు. వానలు గట్టిపడేలోపు వెళ్ళాలి, ఆ తర్వాత గెడ్డ దాటనివ్వదు.

పిల్లకి నా ముద్దులు. బావగారి మోకాలు ఎలా ఉందో ఈసారైనా రాయి.

నీ,
పండు